మూడు కాళ్ళ రాయి

మా పాపకి ఆపరేషన్ తేదీ ఖాయమైన నాలుగో రోజు ఆదివారం. ఆరాధన అయ్యాక సత్యవేదం అయ్యగారు నన్ను ఒక్క నిమిషం ఆగమన్నారు. అయ్యగారంటే మా చర్చి పాస్టరు. మామూలు రోజుల్లో అయితే ఏ బల్ల తుడవడానికో, పూలు మార్చడానికో అనుకునేదాన్ని. ఆ వారం మాత్రం ఎవరు ఆగమన్నా నాకు ముందు పాపే గుర్తొచ్చేది.

పాప పేరు ఏంజలిన్. నాలుగేళ్ళు. గజ్జలో హెర్నియా. ఏడ్చినా, దగ్గినా నిమ్మకాయంత ఉబ్బేది. మొదట్లో వేలితో నొక్కితే లోపలికి పోయేది, అక్టోబరు వచ్చేసరికి మొండికేసింది. మలంచా రోడ్డు నర్సింగ్ హోములో డాక్టరు చూసి, "అరగంట పని. కానీ నెల దాటనివ్వకండి. పేగు ఇరుక్కుంటే ప్రమాదం" అని నవంబరు పదకొండు రాసిచ్చాడు. అరగంట పని అన్న మాట మావారు పట్టుకున్నారు. ప్రమాదం అన్న మాట నేను పట్టుకున్నాను.

మా అమ్మమ్మ సూసన్న ఆ రెండు మాటలూ పట్టించుకోలేదు. ఆమెకి పాప ఎప్పుడూ 'గుంట'. ఆమెది ఒకటే పాట.

"వొద్దు. గుంటకి మత్తు ఎట్టించొద్దు."

"ఎందుకొద్దే అమ్మమ్మా?"

"వొద్దంతే. మల్లీ అడక్కు."

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మ మెదడువాపు జ్వరంతో పోయింది. బడి అక్కడితో ఆగిపోయింది. అప్పటినుంచీ ఖర్గపూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని ఈ ఇంట్లో నన్ను నడిపించింది అమ్మమ్మే. పెళ్ళయ్యాక కూడా మావారు జ్ఞానప్రకాశం మా ఇంటికే వచ్చి ఉన్నారు, రైల్వే వర్క్‌షాపు దగ్గరని. అందుకే అమ్మమ్మ వద్దంటే నాకది డాక్టరు మాటకన్నా తక్కువగా వినిపించదు. పాపని ఒళ్ళో పెట్టుకుని, అటా ఇటా అని ఎన్ని పూటలు కూచున్నానో నాకే తెలియదు.

ఆ ఆదివారం అయ్యగారి చేతిలో ఒక కాగితం ఉంది.

"తబితా, సమాధుల పండక్కి మీవోళ్ళు ఒక దొర రాయికి కూడా సున్నం వేస్తారు చూడు, మూడు కాళ్ళ బొమ్మ ఉంటాది. ఆ రాయి మీదేనా?"

"మాది కాదండీ. వేస్తామంతే."

నిజంగా నాకు తెలిసింది అంతే. ఏటా నవంబరు రెండున మా వాళ్ళందరం సమాధుల తోటకి వెళ్ళి, గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. అమ్మదీ మిగతావాళ్ళవీ మట్టి దిబ్బలే, మేం సున్నం వేసే రాళ్ళు మూడు. తాతయ్యది ఒకటి. అమ్మమ్మ వాళ్ళమ్మ దాలమ్మది ఇంకొకటి. దాని పక్కనే ఇంగ్లీషు అక్షరాలున్న మూడోది. ఆ మూడో రాయి నెత్తిన మోకాళ్ళ దగ్గర వంగిన మూడు కాళ్ళు, తొడల దగ్గర కలిసి, గుండ్రంగా పరిగెడుతున్నట్టు ఉంటాయి. చిన్నప్పుడు నేను దాన్ని సీలింగ్ ఫ్యాను అనుకునేదాన్ని. పరలోకానికి పోయినా ఈ దొరకి ఉక్కపోస్తోంది కాబోలనుకునేదాన్ని. రాయంతా నేను సున్నం కొట్టినా ఆ కాళ్ళ జోలికి మాత్రం అమ్మమ్మ నన్ను రానిచ్చేది కాదు. సన్నటి కుంచెతో తనే ఎర్ర రంగు పూసేది. ఎందుకంటే, "మాయమ్మ ఏసీది, నానేత్తన్నాను" అనేది.

అయ్యగారు కాగితం చదివి చెప్పారు. రాసినావిడ పేరు హెదర్ కార్లెట్. ఆస్ట్రేలియాలో బల్లారట్ అనే ఊరు. నర్సుగా చేసి రిటైరయింది. వాళ్ళ పూర్వీకులు ఇంగ్లండు పక్కన సముద్రంలో ఉన్న మాన్ అనే చిన్న దీవి నుంచి బంగారు గనుల కోసం ఆస్ట్రేలియా వెళ్ళారట. వాళ్ళకి ఏడుగురు పిల్లలు. ఈవిడ పదేళ్ళుగా ఆ ఏడుగురి సంతానమూ ఎక్కడెక్కడ ఉందో వెతుకుతోంది. ఆరుగురి ఆచూకీ దొరికింది. ఆఖరివాడు ఎడ్విన్, 1909లో పటాలానికి అమ్మే గుర్రాలతో పాటు ఓడెక్కి కలకత్తా వచ్చాడు. ఖర్గపూర్ వర్క్‌షాపులో పనికి కుదిరానని ఇంటికి ఒక్క ఉత్తరం రాశాడు. ఆ తరవాత లేదు. వాళ్ళ దీవి గుర్తు మూడు కాళ్ళు. అలాంటి రాయి మీ ఊళ్ళో ఉందా అని అడుగుతోంది.

"ఆస్తి గొడవేటి అయ్యగారూ?"

"ఆస్తి మాట లేదమ్మా. కుటుంబం ఆరోగ్యానికి సంబంధించిన సంగతి, ఆలస్యం చెయ్యకండి అని రాసింది. ఆవిడ నంబరుంది, నువ్వే మాట్లాడు."

ఇంటికొచ్చి చెబితే మావారు కంచం ముందు కూచుని నవ్వారు.

"గుర్రాలు తెచ్చినాడంటే కనీసం ఒక గుర్రం మన వాటాకి రావాల. డ్యూటీకి సైకిల్ మానేసి గుర్రం మీద ఎల్తాను."

"ఆ దొర నీకేటవుతాడని వాటా?" అంది అమ్మమ్మ.

"నాకేటీ కాడు. ఏడాదికోపాలి రంగులేసినావు, నీకేటవుతాడో నువ్వు సెప్పు."

అమ్మమ్మ పాప నోట్లో ముద్ద పెట్టి, చెయ్యి కంచంలో కడుక్కుంది.

"మాయమ్మకి అయ్య."

మావారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో ఈ మాట ఆ ఇంట్లో పుట్టలేదు.

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటే అమ్మమ్మా!"

"ఎవులడిగినారు? రంగెందుకని అడిగినారు, రంగు సంగతి సెప్పినాను." మావారి వైపు తిరిగింది. "మా అవ్వ దొర బంగళాలో వంట సేసీది. పెల్లి సేసుకున్నాడు బాబూ, సర్చిలోనే. పెల్లయ్యాకే మాయమ్మ పుట్టింది. ఆ లెక్క తప్పుగా రాసుకోకు."

"నేనేటీ రాసుకోలేదు అమ్మమ్మా, ముద్ద కలుపుకున్నాను," అన్నారు మావారు.

"దొరలు ఇంటికి రానియ్యలేదు. మనోలూ రానియ్యలేదు. మాయమ్మ నోరు మూసుకుని బతికింది. నాకూ అలాగే అలవాటైపోనాది."

పండగ రోజు అమ్మమ్మ మూడు కాళ్ళకీ రంగు పూశాక, తడి ఆరకముందే ఫోనులో ఫోటో తీసి హెదర్‌కి పంపాను. కింద నాకొచ్చిన ఇంగ్లీషులో, ఎడ్విన్, మా అమ్మమ్మకి తాత, అని రాశాను. రాసిన రెండు ముక్కల్నీ నాలుగుసార్లు దిద్దుకున్నాను. గంటలో జవాబొచ్చింది. ఏడుస్తున్నానని రాసింది. పదేళ్ళకి ఏడో అతను దొరికాడని రాసింది. తరవాత ఒక పెద్ద పటం పంపింది.

మర్నాడు మధ్యాహ్నం పాప పడుకున్నాక పెరట్లో కూచుని ఆ పటం చదవడం మొదలెట్టాను. అమ్మమ్మ ఎదురుగా మెంతికూర తుంచుతోంది. పైన ఎడ్విన్ అమ్మానాన్నలు, కింద ఏడు గళ్ళు, ఒక్కో గడి కింద వాళ్ళ పిల్లలూ, మనవలూ. కొన్ని పేర్ల పక్కన నల్ల చుక్క ఉంది. ఏడో గడి కింద ఖాళీ. నా ఇంగ్లీషు నడిచేది కాదు, గోడ పట్టుకుని పాకేది. ఒక్కో మాట ఫోనులో వెతుక్కుంటూ అమ్మమ్మకి పైకి చెబుతున్నాను.

పెద్దవాడు థామస్, ఇరవై మూడేళ్ళప్పుడు పన్ను పీకించుకోవడానికి మత్తు తీసుకుని లేవలేదు. చుక్క. మార్గరెట్ తొంభై ఏళ్ళు బతికింది, చుక్క లేదు, కానీ ఆమె కొడుక్కి ఉంది. అతనిది మడమ ఎముక ఆపరేషను. ఇంకొకామెది కాన్పు. హెదర్ వాళ్ళ పిన్ని కొడుకు, పన్నెండేళ్ళవాడు, గొంతులో గడ్డలు తీయించడానికి వెళ్ళాడు.

పదకొండో తేదీకి ఇంక ఎనిమిది రోజులుంది. చదవడం ఆపేద్దామనుకున్నాను. కింద చుక్క అంటే ఏమిటో రాసి ఉంది, అది కూడా చదివాను. మత్తులో పోయినవాళ్ళ గుర్తు. కొన్ని రకాల మత్తుగాలి ఈ రక్తానికి పడదు. ఒళ్ళు చెక్కలా బిగుసుకుపోతుంది, పొయ్యిలా కాలిపోతుంది, గంటలో ప్రాణం పోతుంది.

అమ్మమ్మ చేతులు ఆగిపోయాయి.

"మల్లీ సదువు."

మళ్ళీ చదివాను.

"ఒల్లు కాలిపోనాదని రాసిందా?"

"పొయ్యిలాగ అని రాసింది."

"బిగుసుకుపోనాదని?"

"చెక్కలాగ అని."

అమ్మమ్మ నా మొహంలోకి చూసింది. "మరి ఆల్లకి టీ ఎవులు తాగించినారు?"

"టీ ఏటి అమ్మమ్మా?"

ఆమె ఒళ్ళో మెంతికూర అలాగే ఉంది. మా ముందుగదిలో గోడ మీద ఒక పాత ఫోటో ఉంది. సన్న మీసం కుర్రాడు. అమ్మమ్మ తమ్ముడు సిరిల్. పంతొమ్మిదేళ్ళకి జ్వరమొచ్చి పోయాడని మాకు చెప్పేవారు. ఆమె ఆ గది వైపు చూస్తూ చెప్పింది.

"జరం కాదే. సైకిల్ మీంచి పడి సెయ్యి ఇరగ్గొట్టుకున్నాడు. ఎముక సరి సెయ్యడానికి మత్తు ఎడతామన్నారు. పొద్దున్నుంచి నోట్లో ఏటీ ఎయ్యొద్దని నర్సమ్మ నాకే సెప్పింది. నాకే అప్పగించింది. ఆడు నోరెండిపోతందక్కా, నోరెండిపోతందక్కా అని ఒకటే గోల. ఫ్లాస్కు మూతలో రెండు గుక్కలు టీ పోసినాను. ఎవులూ సూడలేదు. లోనికి తీస్కెల్లినారు. ఇంకో గంటకి డాక్టరు బయటికొచ్చి, ఏటైనా ఎట్టినారా అని అడిగినాడు. లేదన్నాను."

"అమ్మమ్మా..."

"ఆడి సెయ్యి ముట్టుకున్నాను. సచ్చిపోనోడి సెయ్యి సల్లగా ఉండాల కదా? కాలిపోతంది. ఏలు వంచుదామంటే వంగలేదు. నా టీయే ఆడి లోపల మండిపోతందనుకున్నాను. మాయమ్మకి సెప్పలేదు. మీ తాతకి సెప్పలేదు. మొన్న నువ్వు ఆపరేషనంటే నాకేటి బయమో తెలుసా? గుంట నీలడుగుతాది. నాను ఇచ్చీగల్ను. నన్ను నాను నమ్ముకోలేను."

నాకు ఆ క్షణంలో భయం ఎక్కువవాలి. అవలేదు. నెల్లాళ్ళుగా నేను దేనికి భయపడుతున్నానో తెలియక ప్రతిదానికీ భయపడ్డాను, పాప తుమ్మినా భయమే. ఇప్పుడు దానికొక చుక్క ఉంది, చుక్క కింద మాట ఉంది. ఆ మాట ఇంకా పూర్తవలేదు కూడా. మిగతాది గబగబా వెతుక్కుంటూ చదివాను. ఇది తల్లి నుంచో తండ్రి నుంచో సగం మంది పిల్లలకి వస్తుంది, సగం మందికి రాదు. డాక్టరుకి ముందే చెబితే వేరే మత్తు ఇస్తారు. ముందే చెప్పిన ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా పోలేదు. అందుకే ఏడుగురినీ వెతుకుతున్నాను, అని రాసింది హెదర్.

"అమ్మమ్మా, ముందు సెప్తే సాలంట!"

"ఎవులికి సెప్పాల?"

"మత్తు డాక్టరికి."

"అయితే కూసున్నావేటి? లెగు!" అంది, ఒళ్ళో కూర నేల మీదికి దులిపేసి.

మలంచా వెళ్ళే ఆటోలో నేను చెప్పాల్సిన మాటలు పాప టీకాల కార్డు వెనక రాసుకున్నాను. పెద్ద చదువుల వాళ్ళ ముందు నాకు మాట తడబడుతుంది. అప్పుడు వాళ్ళు టైము చూసుకుంటారు, నాకింకా తడబడుతుంది. మత్తు డాక్టరు బెంగాలీ ఆవిడ. నేను నా వచ్చీరాని బెంగాలీలో, దీదీ, మా ముత్తవ్వ వాళ్ళ నాన్న, ఆస్ట్రేలియా, గుర్రాలు, అని మొదలెట్టాను. గుర్రాల దగ్గర ఆవిడ వాచీ చూసుకుంది. మాటలు వదిలేసి ఫోనులో పటం తీసి ఆవిడ ముందు పెట్టాను. చుక్కల మీద వేలు పెట్టి చూపించాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. పటాన్ని పెద్దది చేసి, కింద రాసింది చదివింది. పెన్ను మూత పెట్టేసింది.

"మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా?"

అమ్మమ్మ ముందుకొచ్చింది. అమ్మమ్మకి బెంగాలీ నాకన్నా బాగా వచ్చు. సిరిల్ సంగతి మొత్తం చెప్పింది. టీ కూడా చెప్పింది. యాభై అయిదేళ్ళు దాచిన మాటని, ముక్కూ మొహం తెలియని ఆవిడకి, బల్ల ముందు నిలబడి చెప్పేసింది.

"సొంత తమ్ముడా? పిన్ని కొడుకా? మీవాళ్ళు అందరినీ తమ్ముడే అంటారు," అంది డాక్టరు.

"ఒక్క కడుపునే పుట్టినాం," అంది అమ్మమ్మ, కోపంగా.

డాక్టరు లేచి, అమ్మమ్మని కుర్చీలో కూచోబెట్టి, బెంగాలీలో పిన్నీ అన్నట్టు పిలిచింది. "మాషీమా, వినండి. కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే ఊపిరాడక పోతారు. అందుకే ఏమీ పెట్టొద్దంటాం. అది వేరు. దానికి ఒళ్ళు కొయ్యలా బిగుసుకుని అలా కాలిపోదు. మీరు చెప్పింది ఈ పటంలో ఉన్నదే. మీ టీ వల్ల కాదు."

"రెండు గుక్కలు..."

"రెండు గ్లాసులు తాగినా దానివల్ల ఇలా అవదు."

అమ్మమ్మ తల వంచుకుంది. ఏడుస్తుందనుకున్నాను. చెప్పులు విప్పి కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని, మా ఇంటి అరుగు మీద కూచున్నట్టు కూచుంది. బయట ఇంకో పేషెంటు తలుపు తడుతున్నా డాక్టరు ఆమెని లేపలేదు.

ఇక్కడ వద్దు, కలకత్తాలో చేయిద్దాం అంది ఆవిడ. పాపకి ఈ గుణం ఉందో లేదో ఇప్పుడు తేలదు, ఉన్నట్టే అనుకుని చేస్తారు. గాలి మత్తు పెట్టరు, నరంలోకి ఇంజెక్షను ఇస్తారు. అవసరం పడితే విరుగుడు మందు కూడా అక్కడ దగ్గర ఉంచుకుంటారు. తనే ఫోను చేసి మాట్లాడింది. పన్నెండో తేదీ పొద్దున మొదటి నంబరు మాది.

ముందురోజు హౌరా లోకల్ రైల్లో అందరం వెళ్ళాం. మర్నాడు పొద్దున్నే పాప నీళ్ళడిగింది. ఇవ్వకూడదు. నేను కథలు చెప్పాను, మావారు గుర్రం అయ్యారు, వార్డు చివరిదాకా వీపు మీద మోశారు. "గుర్రం వాటా నాకే వచ్చింది," అన్నారు రొప్పుతూ. అమ్మమ్మ నీళ్ళ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది నువ్వు దాసు. నా సేతిలో ఉండకూడదు."

"డాక్టరమ్మ సెప్పింది కదా అమ్మమ్మా, నీ వల్ల కాదని."

"సెప్పింది. అయినా నువ్వే దాసు."

పాపని లోపలికి తీసుకెళ్ళారు. నా చున్నీ అంచు దాని పిడికిట్లో ఉండిపోయింది. నర్సు మెల్లిగా వేళ్ళు విప్పింది. ఆ వేళ్ళు మెత్తగా వంగాయి. నేను ఆ వంగడమే చూశాను.

బెంచీ మీద ఊరికే కూచుంటే పిచ్చెక్కేలా ఉంది. ఫోను తీసి ఆ పటం తెరిచాను. ఏడో గడి కింద ఖాళీ. అమ్మమ్మా, పేర్లు చెప్పు, పంపుదాం అన్నాను. అమ్మమ్మ చెబుతుంటే నేను కాగితం మీద రాశాను. ఎడ్విన్ కూతురు దాలమ్మ. దాలమ్మకి ఇద్దరు, సూసన్న, సిరిల్. సిరిల్ పేరు దగ్గర అమ్మమ్మ నా పెన్ను పట్టుకుంది.

"దాని పక్కన సుక్క నాను ఎడతాను."

పెట్టింది. చిన్నది పెట్టబోయి గట్టిగా నొక్కేసింది, కాగితం చిల్లు పడింది. తరవాత మా అమ్మ పేరు, నా పేరు. నా కింద ఏంజలిన్ అని రాసి, చెయ్యి ఆపేశాను. ఆ పేరు పక్కన ఖాళీ జాగా వైపు చూడలేక కాగితం మడిచేశాను.

అరగంట అన్నది గంటన్నర అయింది. మావారు వరండాలో నడిచిన నడకకి ఖర్గపూర్ వెళ్ళిపోవచ్చు. తలుపు తెరుచుకుని డాక్టరు బయటికి వచ్చినప్పుడు ముందు లేచింది అమ్మమ్మే. డాక్టరు చెప్పకముందే పక్కనుంచి వచ్చిన స్ట్రెచర్ బండి మీద పాప చెయ్యి అందుకుంది. చేతిని తిప్పి చూసింది. వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసింది. నుదుటి మీద అరచెయ్యి పెట్టింది.

"సల్లగుంది," అంది. "తబితా, సల్లగుందే! మామూలుగా ఉంది!"

నేను అప్పుడు ఏడ్చాను. మావారు గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నారు.

రెండు గంటలు పోయాక పాప కళ్ళు తెరిచి, అటూ ఇటూ చూసి, నీళ్ళు అంది. నర్సు వచ్చి, ఇప్పుడు ఇవ్వచ్చు, కొంచెం కొంచెం, అంది. నేను సంచిలోంచి సీసా తీసి అమ్మమ్మకి ఇచ్చాను. ఆమె వెనక్కి జరిగింది.

"నువ్వియ్యి."

"నువ్వే ఇయ్యి అమ్మమ్మా. నిన్నే అడుగుతంది."

అమ్మమ్మ నర్సు వైపు చూసింది. "దేబో?" అని బెంగాలీలో అడిగింది, ఇవ్వనా అని. నర్సు నవ్వి, ఇవ్వు అంది. అయినా ఇంకోసారి అడిగింది. నర్సు మళ్ళీ చెప్పింది.

అప్పుడు సీసా మూత విప్పి, దాంట్లో రెండు గుక్కలు పోసి, పాప పెదాలకి ఆనించింది. సగం గడ్డం మీద ఒలికిపోయింది.

"ఇంకా," అంది పాప.

"ఇత్తానమ్మా," అంది అమ్మమ్మ, మళ్ళీ మూత నింపుతూ.